బుడగ ఎక్కడ పుట్టింది?

(ఇంజనీరింగ్ విద్యార్థుల సభలో ఇచ్చిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్లకి వినిపిస్తోందా? సరే, అయితే మొదలుపెడదాం.

2021 ఆగస్టు 12, ఉదయం 5 గంటల 43 నిమిషాలు. శ్రీహరికోట రెండో లాంచ్ ప్యాడ్ నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10 లేచింది. పైన ఈఓఎస్-03 అనే భూపరిశీలన ఉపగ్రహం ఉంది. సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు నుంచి వచ్చినవాళ్లు మీలో చాలామంది ఉన్నారని చెప్పారు, మీకు నేను చెప్పక్కర్లేదు, తెల్లారకముందే మేడ మీదికెక్కి చూసే ఉంటారు. మొదటి దశ బాగా పనిచేసింది, రెండోదీ బాగానే పనిచేసింది. మూడోది క్రయోజెనిక్, అంటే బాగా చల్లబరిచిన ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్‌లతో నడిచేది. అది వెలగాల్సిన చోట సరిగా వెలగలేదు. 307వ సెకనులో రాకెట్ లోపలి కంప్యూటరే మిషన్‌ని ఆపేసింది.

మర్నాటి పేపర్లలో "క్రయోజెనిక్ ఇంజన్ విఫలం" అని వచ్చింది. ఆ మాట పూర్తిగా తప్పని అనలేను గానీ, నా దృష్టిలో ఇంజన్ పాపం ఏమీ లేదు. తర్వాత వేసిన కమిటీ చెప్పిందేమిటంటే, హైడ్రోజన్ ట్యాంకు మీద ఒక వాల్వు ఉంటుంది, లోపల పీడనం ఎక్కువైతే కొంచెం బయటికి వదలడానికి, దాన్ని వెంట్ అండ్ రిలీఫ్ వాల్వు అంటారు, అది లీకైంది, బహుశా అందులోని మెత్తటి సీలు దెబ్బతిని ఉంటుంది. దాంతో ఇంజన్ వెలిగే సమయానికి ట్యాంకులో ఉండాల్సినంత పీడనం లేదు. పీడనం లేకపోయేసరికి ట్యాంకులోనే అమర్చి ఉండే బూస్టర్ టర్బోపంపు సరిగా నడవలేదు. అది సరిగా నడవకపోతే పెద్ద పంపుకి హైడ్రోజన్ అందదు, పెద్ద పంపుకి అందకపోతే మంట మండి తోపు పుట్టే థ్రస్ట్ చాంబర్‌కి అందదు. అంతే. ఒక సీలు దగ్గర మొదలై ఒక ఉపగ్రహం దగ్గర ఆగింది.

ఈ మొత్తం వివరణలో 'బుడగ' అనే మాట ఎక్కడా రాదు. కానీ ఫ్లూయిడ్ మెకానిక్స్ చదివినవాడు ఎవడైనా "మరిగే ఉష్ణోగ్రతకి ఆనుకుని ఉన్న ద్రవం, తగ్గిన పీడనం, వేగంగా తిరిగే పంపు" అనే మూడు మాటలు పక్కపక్కన చూస్తే, లోపల ఏం జరిగే అవకాశం ఉందో వెంటనే అనుమానిస్తాడు. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ అనుమానం గురించే. రాకెట్ అనగానే మనందరి కళ్లూ మంట మీదికే పోతాయి. మూడు వేల డిగ్రీల మంట, నాజిల్, పొగ. నన్నడిగితే ద్రవ ఇంజన్ల కథలో సగం టెన్షన్ మంటకి చాలా ముందు, ట్యాంకు అడుగు నుంచి పంపు మూతి దాకా ఉన్న ఆ రెండు మూడు మీటర్ల పైపులో ఉంటుంది. అక్కడ ద్రవం ఒక్కటే పారుతోందా, ద్రవమూ ఆవిరీ కలిసి పారుతున్నాయా అన్నదే ప్రశ్న. రెండూ కలిసి పారితే దాన్ని టూ-ఫేజ్ ఫ్లో అంటారు.

కొన్ని అంకెలు బోర్డు మీద రాస్తాను, ఫోటో తీసుకోండి కావాలంటే.

ద్రవ హైడ్రోజన్ మామూలు వాతావరణ పీడనం దగ్గర మైనస్ 253 డిగ్రీలకి మరుగుతుంది. ద్రవ ఆక్సిజన్ మైనస్ 183కి. గమనించండి, ట్యాంకులో ఇవి చల్లగా ఉన్నాయి అనుకుంటాం, నిజానికి అవి మరగడానికి సిద్ధంగా ఉన్నాయి, ఒక్క డిగ్రీ ఎడం చాలు. హైడ్రోజన్ ఆ ఉష్ణోగ్రత దగ్గర ఒక్క డిగ్రీ వేడెక్కితే దాని ఆవిరి పీడనం, అంటే అది మరగకుండా ఉండటానికి కావాల్సిన కనీస పీడనం, సుమారు 0.3 బార్ పెరుగుతుంది. ట్యాంకులో మొత్తం పీడనమే రెండు మూడు బార్లు ఉండే చోట ఇది చిన్న సంగతి కాదు.

ఇప్పుడు ఒక లీటరు ద్రవాన్ని మొత్తం ఆవిరి చేయడానికి ఎంత వేడి కావాలో చూడండి. నీళ్లకి, దాని మరిగే చోట, దాదాపు 2,160 కిలోజౌళ్లు. ద్రవ ఆక్సిజన్‌కి దాదాపు 243. ద్రవ హైడ్రోజన్‌కి 32. ముప్పై రెండే! కిలో లెక్కన చూస్తే హైడ్రోజన్ గుప్తోష్ణం ఆక్సిజన్ కంటే రెట్టింపు ఉంటుంది, పుస్తకాల్లో అదే రాస్తారు, కానీ హైడ్రోజన్ లీటరు బరువు 71 గ్రాములే కదా, ఆక్సిజన్ లీటరు కిలో దాటి 1,141 గ్రాములు. పైపు గోడ నుంచి వేడి వచ్చేటప్పుడు దానికి కిలోలు తెలియవు, పైపు నిండా ఎన్ని లీటర్లున్నాయన్నదే లెక్క. అందుకే ఇన్సులేషన్ కొంచెం బాగోలేకపోయినా హైడ్రోజన్ లైనులో ముందు బుడగలొస్తాయి.

ఇంకొకటి. నూటికి రెండు వంతుల బరువు మాత్రమే ఆవిరైందనుకుందాం. రెండు శాతమే కదా, పోనీలే అనిపిస్తుంది. ఆవిరీ ద్రవమూ ఒకే వేగంతో పోతున్నాయనుకుని లెక్క కడితే, హైడ్రోజన్ పైపులో సగానికి పైగా జాగా ఆవిరిదే. ఆక్సిజన్ అయితే ఇంకా ఘోరం, దాదాపు 84 శాతం. ఎందుకంటే ఆక్సిజన్ ద్రవానికీ దాని ఆవిరికీ సాంద్రతలో తేడా 250 రెట్ల పైన, హైడ్రోజన్‌కి యాభై రెట్లు చిల్లర. కాబట్టి తొందరగా మరిగేది హైడ్రోజన్, మరిగితే ఎక్కువ జాగా ఆక్రమించేది ఆక్సిజన్. రెండింటికీ రెండు రకాల జబ్బులు. ఒక దాని మందు ఇంకోదానికి పనికిరాదు.

ఇక ధ్వని వేగం. నాకు బాగా ఇష్టమైన అంకె ఇది. నీళ్లలో శబ్దం సెకనుకి దాదాపు 1,500 మీటర్లు పోతుంది, గాలిలో 340 చిల్లర. సగం నీళ్లు, సగం గాలి బుడగలు ఉన్న మిశ్రమంలో ఎంత పోతుంది? ఎవరైనా చెప్పండి. తొమ్మిది వందలా? ఏదో మధ్యలో ఉంటుందనుకుంటారు అందరూ. వాతావరణ పీడనం దగ్గర అది పాతిక మీటర్లు కూడా ఉండదు. (సభలో కలకలం) అవును, సెకనుకి పాతిక మీటర్లు, బైకు మీద హైవేలో మీరు వెళ్లే వేగం, హెల్మెట్ పెట్టుకునే వెళ్తున్నారని నమ్ముతున్నాను. కారణం సులువే. మిశ్రమానికి బరువు నీళ్ల దగ్గర్నుంచి వచ్చింది, మెత్తదనం గాలి దగ్గర్నుంచి వచ్చింది. బరువుగా ఉండి, నొక్కితే లోపలికిపోయే పదార్థంలో శబ్దం మెల్లగానే నడుస్తుంది.

దీనివల్ల ఇంజన్‌కి ఏమిటి అంటే, పైపులో ప్రవాహం శబ్ద వేగాన్ని అందుకుంటే అక్కడ ఫ్లో చోక్ అయిపోతుంది, అవతల పీడనం ఎంత తగ్గించినా ఇక ఎక్కువ రాదు. మామూలు ద్రవం పైపులో చోక్ అవడం మనం ఎప్పుడూ చూడం. బుడగలున్న ప్రవాహం మాత్రం ఒక వాల్వు దగ్గరో వంపు దగ్గరో మామూలు వేగాలకే చోక్ అయి కూర్చుంటుంది. డిజైన్ లెక్కలో ఇంత ఫ్లో రావాలి అని ఉంటుంది, అది రాదు, ఎందుకు రాలేదో ప్రెషర్ గేజ్ చూస్తే అర్థం కాదు. ఫ్లో మీటర్ చూసినా అంతే, టర్బైన్ మీటరు ద్రవానికి క్యాలిబ్రేట్ చేసి ఉంటుంది, ఆవిరి తగిలితే గిర్రున తిరిగి ఫ్లో బ్రహ్మాండంగా ఉందని చెబుతుంది. అబద్ధం చెప్పే మీటరుకంటే అసలు లేని మీటరే మేలు అని నా అభిప్రాయం, మీ సార్లు ఒప్పుకోకపోవచ్చు.

సరే, పంపు దగ్గరికి వద్దాం. పంపు ముందు భాగంలో స్క్రూ ఆకారంలో ఒక చక్రం ఉంటుంది, ఇండ్యూసర్ అంటారు. ద్రవాన్ని గట్టిగా తోసే పెద్ద చక్రం, అంటే ఇంపెల్లర్‌కి చేరే ముందు ద్రవం పీడనాన్ని కొద్దిగా పెంచడమే దాని పని. ద్రవం బ్లేడు అంచుని దాటేటప్పుడు వేగం పెరిగి పీడనం పడిపోతుంది, ఆవిరి పీడనం కంటే కిందికి పోతే అక్కడికక్కడే మరుగుతుంది, వేడి చేయకుండానే. అదే క్యావిటేషన్. ఇండ్యూసర్ ప్రత్యేకత ఏమిటంటే, కొంత క్యావిటేషన్ అవుతూనే పనిచేసేలా దాన్ని డిజైన్ చేస్తారు. అంటే రాకెట్ పంపులో బుడగలు లేకుండా చేద్దామని ఎవరూ అనుకోరు. అవి బ్లేడు మీద ఎక్కడ పుట్టాలి, ఎక్కడ చావాలి అన్నదే పట్టించుకుంటారు. అది మన చేతిలో ఉన్నంతసేపు ఇబ్బంది లేదు.

చేయి దాటితే ఏమవుతుందో జపాన్ వాళ్లని అడగాలి. 1999 నవంబర్ 15న తనెగషిమా నుంచి హెచ్-2 రాకెట్ ఎనిమిదో నంబరు లేచింది. ఎంటీశాట్ అనే ఉపగ్రహం, వాతావరణానికీ విమానాల రాకపోకలకీ పనికొచ్చేది. దాదాపు నాలుగు నిమిషాలకి ఎల్‌ఈ-7 ఇంజన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. రాకెట్‌ని కమాండ్ ఇచ్చి పేల్చేశారు. మామూలుగా అయితే టెలిమెట్రీ చూసుకుని, ఊహించుకుని, రిపోర్టు రాసి ఊరుకుంటారు. వాళ్లు ఊరుకోలేదు. ఒగసవర దీవుల వైపు పసిఫిక్ సముద్రంలో దాదాపు మూడు కిలోమీటర్ల లోతులో వెతికి, ఆ ఇంజన్‌ని కనిపెట్టి, పైకి లాగారు! ఇలాంటి పట్టుదల చూస్తే నాకు అసూయగా ఉంటుంది.

పైకి తెచ్చి విప్పి చూస్తే, హైడ్రోజన్ టర్బోపంపు ఇండ్యూసర్ బ్లేడు ఒకటి విరిగి ఉంది. విరిగిన చోటుని మైక్రోస్కోపు కింద పెడితే కనిపించింది ఫెటీగ్, అంటే ఒక్క దెబ్బకి విరిగింది కాదు, లెక్కలేనన్ని సార్లు అటూ ఇటూ వంగి వంగి విరిగింది. నిమిషానికి 40 వేలకు పైగా తిరిగే ఇండ్యూసర్ అది. బ్లేడ్లన్నిటి మీదా బుడగల గుంపులు ఒకే సైజులో ఉంటే బాధ లేదు. కొన్ని పరిస్థితుల్లో ఒక బ్లేడు మీద పెద్దది, పక్క బ్లేడు మీద చిన్నది తయారవుతాయి, ఆ తేడా ఒక బ్లేడు నుంచి ఇంకో బ్లేడుకి మారుతూ చుట్టూ తిరుగుతుంది, దాన్ని రొటేటింగ్ క్యావిటేషన్ అంటారు. దానికి తోడు ఇండ్యూసర్ మూతి దగ్గర వెనక్కి తిరిగే సుడులు. ఇవన్నీ కలిసి బ్లేడుని ఊపాయి. ఆ తర్వాత హెచ్-2 మళ్లీ ఎగరలేదు, హెచ్-2ఏ వచ్చింది, ఇండ్యూసర్ మార్చారు. అంతర్జాతీయ సదస్సుల్లో రొటేటింగ్ క్యావిటేషన్ మీద జపాన్ నుంచి అన్ని పేపర్లు ఎందుకొస్తాయో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఇండ్యూసర్‌ని ముందు నీళ్లలో పరీక్షిస్తారు, చవక, ప్రమాదం లేదు, గాజు కిటికీలోంచి చూడొచ్చు కూడా. నీళ్లలో పాసైతే హైడ్రోజన్‌లో ఇంకా బాగా పనిచేస్తుంది. ఎందుకంటే హైడ్రోజన్ బుడగ పుట్టాలంటే పక్కనున్న ద్రవం నుంచి వేడి తీసుకోవాలి, ఆ ద్రవం చల్లబడుతుంది, చల్లబడితే ఆవిరి పీడనం గబుక్కున పడిపోతుంది, ఇక బుడగ పెద్దది కాలేదు. తనని తానే కట్టేసుకున్నట్టు. నీళ్లలో ఈ ప్రభావం దాదాపు లేదు, ఆక్సిజన్‌లో కొంత ఉంది. ఇంత దయగల ద్రవంలో కూడా ఎల్‌ఈ-7 బ్లేడు విరిగింది మరి. ఎంత బుడగ పుట్టిందన్నదాని కంటే అది ఎలా కదిలిందన్నదే అక్కడ అసలు సమస్య.

(సభలోంచి ప్రశ్న: సార్, ఇంత బాధ ఎందుకు, ట్యాంకులో ప్రెషర్ పెంచేస్తే సరిపోతుంది కదా?)

మంచి ప్రశ్న బాబూ, ప్రతిచోటా అడుగుతారు. సరిపోతుంది. కానీ పీడనం రెట్టింపు చేస్తే ట్యాంకు గోడ మందం కూడా దాదాపు రెట్టింపు చేయాలి. పై దశలో ఒక కిలో బరువు పెరిగితే ఉపగ్రహంలో ఒక కిలో తగ్గాలి, బేరాల్లేవు. పీడనం కోసం హీలియం మోసుకుపోవాలి, దానికి సీసాలు, వాటి బరువు. అందుకే ట్యాంకు పీడనం తక్కువే ఉంచి, ముందు ఒక చిన్న బూస్టర్ పంపు పెడతారు. ఇందాక చెప్పుకున్నది అదే. ఆ పంపుకి మన దగ్గర పాత చరిత్ర కూడా ఉంది. 2010 ఏప్రిల్ 15న జీఎస్‌ఎల్‌వీ-డీ3లో, మన సొంత క్రయోజెనిక్ దశ మొదటిసారి ఎగిరినప్పుడు, ఆ బూస్టర్ పంపు నిమిషానికి 34,800 చుట్ల దాకా వెళ్లి, 0.9 సెకన్ల తర్వాత వేగం పడిపోవడం మొదలై, ఇంకో 0.6 సెకన్లలో ఆగిపోయింది. అక్కడ అనుమానం మెకానికల్, సీలు దగ్గర రోటర్ పట్టేయడమో, టర్బైన్ కేసింగ్ పగలడమో అన్నారు. బుడగ కథ కాదు, కలిపేయకండి. 2014 జనవరి 5న డీ5తో అది గట్టెక్కింది. ఎఫ్10 తర్వాత కమిటీ ఏం సూచించిందంటే, ఇంజన్ వెలగబోయే ముందు హైడ్రోజన్ ట్యాంకులో పీడనం సరిపడా ఉండేలా యాక్టివ్‌గా నింపే ఏర్పాటు పెట్టమంది, వాల్వుని గట్టిపరచమంది. 2023 మే 29న ఎఫ్12 బాగానే వెళ్లింది.

ఇప్పుడు పైపు. పంపూ పైపూ వేడిగా, అంటే మన రూమ్ టెంపరేచర్‌లో ఉంటే, అందులోకి ద్రవ హైడ్రోజన్ వదిలితే ఏమవుతుంది? ఇంట్లో దోసె పెనం బాగా కాలాక నీళ్లు చిలకరిస్తే చుక్కలు పెనానికి అంటుకోకుండా గిరగిరా పరిగెడతాయి చూశారా, చుక్క కింద ఆవిరి పొర ఏర్పడి దాన్ని పైకెత్తుతుంది కాబట్టి. పెనం కొంచెం చల్లారాక చల్లితే మాత్రం చుయ్యిమని ఒక్కసారిగా ఆవిరైపోతాయి. పైపులో అచ్చంగా అదే. మొదట గోడకీ ద్రవానికీ మధ్య ఆవిరి పొర, వేడి మెల్లగా దిగుతుంది, ఫిల్మ్ బాయిలింగ్. గోడ ఒక స్థాయికి చల్లబడగానే ద్రవం గోడని తాకుతుంది, అప్పుడు భగ్గుమని మరుగుతుంది, పీడనం ఎగసిపడుతుంది, కొన్నిసార్లు వచ్చిన ద్రవాన్ని వెనక్కి తోసేస్తుంది కూడా. దాని తర్వాతే పైపు నిండా ద్రవం నిలుస్తుంది.

అందుకే ఇంజన్ వెలిగించేముందు కొంత ద్రవాన్ని పంపులోంచి పారించి బయటికి వదిలేస్తారు, చిల్‌డౌన్. స్పేస్‌ఎక్స్ కంపెనీ రాకెట్ ఫాల్కన్-9 లైవ్ చూసేవాళ్లకి తెలుసు, లాంచ్‌కి ఏడు నిమిషాల ముందు "ఇంజన్ చిల్" అని వినిపిస్తుంది. ఎంతసేపు చిల్ చేయాలి? తక్కువ చేస్తే పంపులో ఆవిరి, ఎక్కువ చేస్తే ఇంధనం దండగ. పంపులోకి ఆవిరి వస్తే టర్బైన్ మీద లోడు ఒక్కసారిగా పోతుంది, ద్రవాన్ని నెట్టాల్సిన పంపు ఖాళీగా తిరుగుతుంది కాబట్టి వేగం అదుపు తప్పుతుంది. అంతరిక్షంలో ఇంజన్‌ని రెండోసారి, మూడోసారి వెలిగించాలంటే ప్రతిసారీ ఈ చిల్‌డౌన్ ఖర్చు ఉంటుంది. రీస్టార్ట్ అంటే మళ్లీ నిప్పు పెట్టడమే అనుకుంటారు చాలామంది, నిప్పు పెట్టడం అందులో తేలిక పని.

అంతరిక్షం అన్నాను కాబట్టి. భూమ్మీద ద్రవం అడుగున ఉంటుంది, ఆవిరి పైన ఉంటుంది, మనం దీని గురించి ఆలోచించం కూడా. ఇంజన్ ఆగి రాకెట్ తేలుతున్నప్పుడు అడుగేది, పైనేది? 1964 డిసెంబర్‌లో అమెరికా వాళ్ల అట్లాస్-సెంటార్ రాకెట్ ఏసీ-4 ప్రయోగంలో ఇంజన్ మొదటిసారి వెలిగాక, ద్రవాన్ని అడుగున నిలపడానికి పెట్టిన చిన్న మోటార్ల బలం చాలలేదు. హైడ్రోజన్ ముందుకి జారి, ఆవిరి పోవాల్సిన వెంట్‌లోంచి ద్రవమే పోయింది, రాకెట్ పల్టీలు కొట్టింది, ఇంజన్ రెండోసారి వెలగలేదు.

దీని తర్వాత నాసా చేసిన పని నాకు చాలా నచ్చుతుంది. 1966 జూలై 5న ఏఎస్-203 అనే శాటర్న్-1బీ ప్రయోగం. మనుషులు లేరు, వ్యోమనౌక కూడా లేదు. పైన హైడ్రోజన్ మిగిలి ఉన్న ఎస్-4బీ దశని కక్ష్యలోకి పంపి, ఆ ట్యాంకు లోపల టీవీ కెమెరా పెట్టి, ద్రవం ఏం చేస్తోందో చూశారు. మైనస్ 253 డిగ్రీల హైడ్రోజన్ ట్యాంకులో కెమెరా, 1966లో! ఆవిరిని వెనక వైపుకి సన్నగా వదులుతూ ఉంటే ఆ కొద్దిపాటి తోపు చాలు, ద్రవం అడుగున నిలబడుతుందని తేలింది. చంద్రుడి దారి పట్టడానికి అదే దశ కక్ష్యలో రెండోసారి వెలగాలి కదా, ఆ నమ్మకం ఈ ప్రయోగం నుంచి వచ్చింది. ఎలాగూ మరిగిపోతున్న హైడ్రోజన్‌ని వృథాగా వదలకుండా ట్యాంకుని నెట్టే పనికి పెట్టారు. ఇంజనీరింగ్‌లో నాకు ఇంతకంటే అందమైన పొదుపు కనపడదు.

పోగో అనే రాకెట్ ఊగుడు గురించి క్లుప్తంగా చెబుతాను, టైము చూస్తే అయిపోతోంది. పంపు మూతి దగ్గరి బుడగలు స్ప్రింగులా పనిచేస్తాయి, పైపులోని ద్రవం బరువు, రెండూ కలిస్తే ఒక సహజ కంపనం వస్తుంది. అది రాకెట్ శరీరం నిలువుగా ఊగే కంపనంతో కలిసిందంటే, రాకెట్ ఊగితే పంపుకి పీడనం ఊగుతుంది, దాంతో థ్రస్టు ఊగుతుంది, థ్రస్టు ఊగితే రాకెట్ ఇంకా ఊగుతుంది. 1968 ఏప్రిల్‌లో అపోలో-6లో బాగా వచ్చింది. 1970లో అపోలో-13లో రెండో దశ మధ్య ఇంజన్ దీనివల్లే రెండు నిమిషాలకు పైగా ముందే ఆగిపోయింది, ఆ ప్రయాణంలో తర్వాత జరిగిన పెద్ద ప్రమాదం ముందు ఇది ఎవరికీ గుర్తులేదు. మందు ఏమిటో చూడండి: అపోలో-6 తర్వాత మొదటి దశ ఆక్సిజన్ లైన్లలోని వాల్వుల ఖాళీల్లో హీలియం నింపారు. అంటే ఎక్కడ ఉందో, ఎంత ఉందో తెలియని బుడగకి విరుగుడుగా, మనకి తెలిసిన చోట, తెలిసిన సైజులో ఇంకో పెద్ద బుడగ పెట్టారు. దాంతో పైపు కంపనం రాకెట్ కంపనానికి దూరంగా జరిగిపోయింది. అపోలో-14 నుంచి రెండో దశ మధ్య ఇంజన్‌కీ ఇలాంటి ఏర్పాటే చేశారు.

ఆ హీలియమే ఇంకోచోట శత్రువు కూడా అవుతుంది. 2016 ఫిబ్రవరి 28న కేప్ కెనావరల్లో ఫాల్కన్-9, ఎస్‌ఈఎస్-9 ఉపగ్రహం. ఫాల్కన్-9 వాళ్లు ఆక్సిజన్‌ని మరిగే ఉష్ణోగ్రత కంటే ఇరవై డిగ్రీలకు పైగా కిందికి, మైనస్ 207 దాకా చల్లబరిచి నింపుతారు. సాంద్రత పెరుగుతుంది, ఎక్కువ పడుతుంది, అన్నిటికంటే ముఖ్యం బుడగలకి దూరంగా ఉంటుంది. కాకపోతే నింపిన దగ్గర్నుంచి గడియారం మొదలు, నిమిషనిమిషానికీ వేడెక్కుతుంది. ఆ రోజు సముద్రంలో నిషేధిత ప్రాంతంలోకి ఒక పడవ వచ్చింది, కౌంట్‌డౌన్ ఆపారు. పడవ పోయాక మళ్లీ మొదలుపెడితే ఇంజన్లు వెలిగాయి, వెంటనే థ్రస్టు తక్కువగా ఉందని అలారం వచ్చి ఆగిపోయాయి. ఆపి ఉంచడంతో ఆక్సిజన్ వేడెక్కింది, దానికి తోడు ఒక హీలియం బుడగ అని కంపెనీ అధిపతే ట్విట్టర్‌లో చెప్పాడు. మార్చి 4న ఎగిరింది. మన జాలర్లకి కూడా లాంచ్ రోజుల్లో పులికాట్ అవతల సముద్రంలోకి వెళ్లొద్దని చెబుతారు కదా, భద్రత కోసమే అనుకుంటాం. చల్లటి ఆక్సిజన్ ఉన్న రాకెట్‌కి ఆ పడవ వల్ల ఇంకో రకం నష్టం కూడా ఉందన్నమాట.

(ప్రశ్న: సార్, పంపే బుడగల్ని తట్టుకునేలా చేయలేమా?)

కొంత చేయొచ్చమ్మా. ఇందాక చెప్పిన హైడ్రోజన్ మంచితనం వల్ల, ద్రవంతో పాటు కొంత ఆవిరి వచ్చినా మింగేసే ఇండ్యూసర్ల మీద నాసా అరవైల్లోనే, డెబ్బైల్లోనే పరీక్షలు చేసింది, పనిచేశాయి కూడా. అది కుదిరితే ట్యాంకు పీడనం బాగా తగ్గించొచ్చు. ఆక్సిజన్‌తో ఈ ధైర్యం చేయలేం, రెండు శాతం ఆవిరికి ఎంత జాగా పోతుందో బోర్డు మీదే ఉంది చూడు. పైగా ఆక్సిజన్ పంపులో బ్లేడు ఊగి గోడకి రాసుకుందంటే, అక్కడ పుట్టే నిప్పుకి లోహమే ఇంధనం.

పంపు దాటాక మాత్రం కథ మారిపోతుంది. హైడ్రోజన్ సందిగ్ధ పీడనం (క్రిటికల్ ప్రెషర్) 13 బార్లే, దాని పైన ద్రవం, ఆవిరి అనే భేదమే లేదు. పంపు దాన్ని వంద బార్ల చుట్టుపక్కలకి తీసుకెళ్లాక, ఇంజన్ గోడలో కూలింగ్ గొట్టాల్లో అది మైనస్ 240 నుంచి మామూలు వేడి దాకా వచ్చినా ఒక్క బుడగ పుట్టదు, మెల్లగా పలచబడుతుంది, అంతే. ఆక్సిజన్‌కి ఆ హద్దు 50 బార్లు. మన సీఈ-20 క్రయోజెనిక్ ఇంజన్ చాంబర్ పీడనం 60 బార్లు, అంటే పూర్తి థ్రస్టులో చాంబర్ ఆ హద్దు పైనే ఉంటుంది. పుస్తకాల్లో, ద్రవాన్ని చాంబర్‌లోకి చిమ్మే ఇంజెక్టర్‌లోంచి గుండ్రటి చుక్కలు పడుతున్నట్టు బొమ్మ వేస్తారు, ఈ పీడనాల్లో తలతన్యతే దాదాపు ఉండదు కాబట్టి ఆక్సిజన్ చుక్కలుగా కాకుండా పోగులు పోగులుగా చిరిగి కలుస్తుంది. క్రయోజెనిక్ కాని వికాస్ లాంటి ఇంజన్‌లో మాత్రం, ఇంధనాలు వేరు కాబట్టి, చుక్కల బొమ్మ సరిగ్గా సరిపోతుంది. స్టార్టులో, పీడనం ఇంకా పెరగని ఆ సెకనులో, అందరికీ చుక్కలూ బుడగలూ తప్పవు.

(ప్రశ్న: హైదరాబాద్‌లో స్కైరూట్ వాళ్లు ఎల్‌ఎన్‌జీ ఇంజన్ చేశారు కదా సార్, మీథేన్‌కి ఈ సమస్యలు తక్కువా?)

ధవన్-1, అవును, 2021 నవంబర్‌లో పరీక్షించారు, ద్రవ ఆక్సిజన్, ఎల్‌ఎన్‌జీ. ఇస్రో కూడా రాబోయే పెద్ద రాకెట్‌కి మీథేన్ వైపే చూస్తోంది. మీథేన్ మైనస్ 161కి మరుగుతుంది, ఆక్సిజన్‌కి దగ్గరగా ఉంటుంది, కాబట్టి ట్యాంకు దగ్గర, చిల్‌డౌన్ దగ్గర బతుకు హాయి. చిక్కంతా పంపు దాటాకే. దాని సందిగ్ధ పీడనం 46 బార్లు. పూర్తి థ్రస్టులో కూలింగ్ గొట్టాలు ఆ హద్దు పైన ఉండేలా డిజైన్ చేసుకోవచ్చు, హైడ్రోజన్‌లాగే నోరు మూసుకుని పోతుంది. కానీ ల్యాండింగ్ కోసం ఇంజన్‌ని తగ్గించారనుకోండి, పీడనం 46 కిందికి వస్తుంది, మీథేన్ గొట్టాల్లోనే మరగడం మొదలుపెడుతుంది. మామూలు మరగడమైతే మంచిదే, వేడి బాగా లాగుతుంది. ఫిల్మ్ బాయిలింగ్‌లోకి పోతే గోడకి ఆవిరి పొర అడ్డం వస్తుంది, అవతల మంట ఉన్న రాగి గోడకి చల్లదనం అందదు, గోడ అక్కడ కాలుతుంది. ఒక గొట్టంలో ఆవిరి ఎక్కువైతే ఆ గొట్టానికి అడ్డు పెరిగి మీథేన్ పక్క గొట్టాల్లోకి మళ్లుతుంది, దాంతో ఆ గొట్టానికి ఇంకా తక్కువ వస్తుంది. అందుకే మీథేన్ ఇంజన్‌ని ఎంత కిందికి తగ్గించొచ్చు అని అడిగినప్పుడు, మంట నిలుస్తుందా అని ఇంజెక్టర్ వాళ్లని అడిగి ఊరుకుంటే చాలదు, ఈ గొట్టాల లెక్క చూసేవాళ్లని కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టాలి.